నడివయస్సులో నవ్వుల నాయిక

రంగస్థలము మీద గాని, వెండితెర మీద గాని నాయికకు వయస్సే మొదటి శత్రువు. గంభీరమైన పాత్రలు ధరించే నటికి నడివయస్సులో తల్లి వేషమైనా దక్కుతుంది. హాస్యనాయిక సంగతి అట్లా కాదు. జారిపడడము, తడిసి ముద్దకావడము, ముఖమంతా పిండి పూసుకొని వెర్రిచూపులు చూడడము ఆమె విద్య. వికృతమైన వేషము, వికృతమైన చేష్ట హాస్యరసానికి కారణములని భరతముని చెప్పినాడు. కాని ఇరువది యేండ్ల పిల్ల జారిపడితే నవ్విన జనమే ఏబది యేండ్ల స్త్రీ జారిపడితే ‘అయ్యో’ అంటారు. ఆ ‘అయ్యో’ను మరల నవ్వుగా మార్చిన నటి అమెరికా టెలివిజన్‌లో ఒకతె ఉండినది. ఆమె పేరు లూసిల్ బాల్.

1911 ఆగస్టు 6వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని జేమ్స్‌టౌన్‌లో ఆమె జన్మించినది. పసితనములోనే తండ్రి పోయినాడు. పదిహేనవ యేట న్యూయార్కు నగరములోని ఒక నటనా పాఠశాలలో చేరినది. బిడియముతో నోరు మెదపలేని ఆ బాలికకు ఈ విద్య అబ్బదనీ, పెట్టే ఖర్చు వృథా అనీ పాఠశాలవారు తల్లికి తెలియజేసినారు. ఉపాధ్యాయులైన పాఠకులు ఈ మాటను ఒక్క క్షణము మనస్సులో నిలుపుకొనవలెను. ఆ తీర్పు తప్పని లోకానికి తేటతెల్లము కావడానికి పాతికేండ్లు పట్టినది. ఈ నడుమ ఆమె దుస్తుల దుకాణములో మోడలుగా పనిచేసినది. 1933 నుండి హాలీవుడ్డులో పెక్కు చిత్రాలలో నటించినది. అయినా అగ్రతారల వరుసలో చోటు దొరకలేదు.

1951 అక్టోబరు 15వ తేదీన ‘ఐ లవ్ లూసీ’ అనే హాస్యమాలిక సి.బి.ఎస్. టెలివిజన్‌లో ఆరంభమైనది. అప్పటికి ఆమెకు నలుబదేండ్లు నిండినవి. చంకలో మూడు నెలల పసిబిడ్డ. క్యూబా దేశమునుండి వచ్చిన సంగీతకారుడు, భర్త డెసీ ఆర్నాజ్ తెరమీద కూడ భర్తగానే నటించినాడు. ప్రేక్షకుల యెదుట ఆడిన నాటకమును మూడు కెమెరాలతో ఫిల్ముమీదికి ఎక్కించే పద్ధతిని వారు అనుసరించినారు. ఆ ఫిల్ములు చెక్కుచెదరక నిలిచినందువలననే తరువాతి తరములవారు కూడ వాటిని చూడగలిగినారు. చాకొలెట్ల కర్మాగారములో కదిలే పట్టామీద మిఠాయిలు వేగముగా వచ్చిపడుతూ ఉండగా, కాగితము చుట్టలేక లూసీ వాటిని నోటిలోను, టోపీలోను దాచుకొనే ఘట్టము 1952 నాటిది. చేతకానితనమును అంత చేతనైన రీతిలో చూపిన నటులు అరుదు.

తెరమీది కాపురము ఎట్లున్నా, ఇంటిలోని కాపురము నిలువలేదు. 1960 మార్చి 2వ తేదీన దంపతులు కలిసి నటించిన కడపటి కార్యక్రమము చిత్రీకరణ పూర్తయినది. మరునాడే ఆమె విడాకులకై న్యాయస్థానమును ఆశ్రయించినది. అప్పటికి వయస్సు నలుబదియెనిమిది. అల్లరి భార్యగా దేశమంతటికీ తెలిసిన నటికి భర్త లేకుండా పోయిన తరువాత ఏ పాత్ర మిగులుతుంది? ఆ సంవత్సరము డిసెంబరులో ఆమె బ్రాడ్వే రంగస్థలము మీద ‘వైల్డ్‌క్యాట్’ అనే సంగీతనాటకములో ప్రవేశించినది. ప్రేక్షకులు వచ్చినారు గాని ఆమె శరీరము సహకరించలేదు. అనారోగ్యము వలన 171 ప్రదర్శనలతో అది ఆగిపోయినది.

1962 అక్టోబరు 1వ తేదీన, ఏబదియొకటవ యేట, ‘ది లూసీ షో’తో ఆమె టెలివిజన్‌కు తిరిగి వచ్చినది. దీనికి ఆధారమైన పుస్తకములో విడాకులు పొందిన ఇద్దరు స్త్రీలు ఒకే ఇంటిలో పిల్లలను పెంచుకొంటారు. తెరమీద మాత్రము లూసీని వితంతువుగా మార్చి, విడాకులను ఆమె స్నేహితురాలి పాత్రకు అంటగట్టినారు. జీవితములో విడాకులు పొందిన స్త్రీకి నాటకములో వితంతువు వేషము! ఆనాటి అమెరికా సమాజపు సంకోచమంతా ఈ చిన్న మార్పులో కనబడుతుంది.

అయినా ఆ ఇంటిలో మగదిక్కు లేకపోవడమే కొత్త హాస్యానికి మూలమైనది. ఒక కథలో స్నేహితురాండ్రిద్దరూ తామే షవరు గదిని అమర్చబూనుకొంటారు. నీరు కట్టదు, తలుపు తెరచుకొనదు, నీరు మెడదాకా వస్తుంది. ఆ చిత్రీకరణలో లూసిల్ నిజముగానే నీటిలో చిక్కుకొన్నదనీ, సహనటి వివియన్ వాన్స్ ఆమెను పైకి లాగినదనీ చెబుతారు. ప్రేక్షకులు నవ్వుతూనే ఉన్నారు!

ఆ 1962లోనే ఆమె మాజీభర్త వాటాను సుమారు 25 లక్షల డాలర్లకు కొని, ఉమ్మడి సంస్థయైన డెసిలూకు అధ్యక్షురాలైనది. ఒకప్పుడు తాను చిన్న వేషములు వేసిన ఆర్.కె.ఓ. స్టూడియో ఆవరణకు ఇప్పుడు తానే యజమానురాలు. 1966లో ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్ ఇంపాజిబుల్’ మాలికలు ఆ సంస్థ నుండియే వెలువడినవి. 1967లోను, 1968లోను ఆమెకు ఎమ్మీ బహుమతులు లభించినవి.

కథను ఇక్కడ ముగిస్తే శుభాంతముగా ఉండేది. కాని 1986లో, డెబ్బదియైదవ యేట, ఆమె ‘లైఫ్ విత్ లూసీ’తో మరల వచ్చినది. పదమూడు భాగములు తీస్తే ఎనిమిది మాత్రమే ప్రసారమైనవి. ఏబదియొకటవ యేట ఆమె పాత్ర పరిస్థితిని మార్చినది. ఈసారి పాత చేష్టలనే వృద్ధశరీరముతో చేయబూనినది. జనము నవ్వబోయి భయపడినారు. ‘అయ్యో’ గెలిచినది. 1989 ఏప్రిల్ 26వ తేదీన ఆమె కన్నుమూసినది.

పదిహేనవ యేట పాఠశాలవారి తీర్పు, డెబ్బదియైదవ యేట ప్రేక్షకుల తీర్పు రెండును ప్రతికూలములే. ఆ రెంటి నడుమ నలుబదవ యేట ఒకమారు, ఏబదియొకటవ యేట ఇంకొకమారు ఆమె మొదటి పాఠము నుండి ఆరంభించినది. పరీక్షాఫలితములు చేతబట్టుకొని దిగులుపడే విద్యార్థికి గాని, ఇరువదియేండ్లుగా ఒకే పాఠము చెబుతూ అలసిపోయిన ఉపాధ్యాయునికి గాని ఆ రెండు ఆరంభములు జ్ఞాపకముంచుకొనదగినవి.