ఎండ చూస్తే కొందరికే తలనొప్పి ఎందుకు?

అనంతపురం ఎండ అందరి మీదా పడుతుంది. మరి అమ్మ ఒక్కతే తలుపు వేసుకుని, పోపు వాసన కూడా వద్దంటుందెందుకు? ఇంటి కుక్క కొత్త చుట్టాన్ని చూసి మొదట మొరిగి, తర్వాత ఊరుకుంటుంది కదా! మన మెదడూ వెలుగుకి, చప్పుడుకి అలాగే అలవాటుపడుతుంది. మైగ్రేన్, అంటే పార్శ్వనొప్పి, తరచూ వచ్చేవాళ్లలో చాలామందికి నొప్పి లేని రోజుల్లోనూ మెదడు అంత తేలిగ్గా అలవాటుపడదు. ఒకే బొమ్మను పదేపదే చూపిస్తూ మెదడు తరంగాలను కొలిచిన కొన్ని పరీక్షల్లో ఇది కనిపించింది.

వాన రాలేదన్న దిగులు, చాలని నిద్ర దీనికి తోడైతే నొప్పి త్వరగా రేగుతుంది. "అయితే ఇదంతా మనసులోదేగా?" అని కొందరంటారు. నాకది అన్యాయమనిపిస్తుంది. దిగులు నొప్పిని రేపవచ్చు, కానీ తలలోని నరాలు పంపే నొప్పి నిజమైనదే. పైగా ఇది అరుదైనదీ కాదు: పొరుగున కర్ణాటకలో జరిపి 2015లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి మైగ్రేన్ ఉన్నట్టు తేలింది. అందుకే అమ్మ నొప్పితో పడుకున్నప్పుడు టీవీ కట్టేసి, కిటికీకి దుప్పటి కట్టండి.