చేత్తో నడిపితే నడిచే సర్వర్ బూట్‌లో ఎందుకు ఆగుతుంది?

లైనక్స్ కంప్యూటర్‌లో సర్వర్ ప్రోగ్రామ్ ఒకటి పెట్టాం. టెర్మినల్ తెరిచి మనం నడిపితే చక్కగా నడిచింది. రీస్టార్ట్ చేస్తే మాత్రం లేవలేదు. లాగ్‌లో 'పర్మిషన్ డినైడ్' అని ఒక్క ముక్కే కనిపిస్తుంది. ప్రోగ్రామ్ అదే, ఫైళ్లూ అవే. మారింది దాన్ని నడిపే యూజర్.

ఇప్పటి లైనక్స్‌లలో చాలావాటికి బూట్‌లో సర్వీసులను లేపేది సిస్టమ్‌డి. దానికి రూట్, అంటే అన్ని అధికారాలున్న యూజర్, అధికారం ఉంటుంది. ఏ సర్వీసు ఎవరి పేరు మీద నడవాలో దాని సెట్టింగులుండే యూనిట్ ఫైలు చెబుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సాధారణంగా 'పోస్ట్‌గ్రెస్' అనే యూజర్ పేరు మీదే లేస్తుంది. రూట్‌గా నడపబోతే అసలు లేవనంటుంది. ఎవరైనా చొరబడినా నష్టం ఆ యూజర్ చేతికందే ఫైళ్లతో ఆగాలని ఈ కట్టుబాటు.

లేవని సర్వీసును చాలామంది సుడోతో, అంటే రూట్‌గా, ఒకసారి నడిపి చూస్తారు. చిక్కు ముదిరేది అక్కడే. ఆ కాసేపట్లో ప్రోగ్రామ్ కొత్త లాగ్ ఫైలును సృష్టిస్తే, దాని యజమాని రూట్ అవుతుంది. తర్వాత సర్వీసు తన సొంత యూజర్‌తో లేచి అదే ఫైలులో రాయబోతే తలుపు మూసి ఉంటుంది. నిన్నటిదాకా బాగానే నడిచిన సర్వీసు కూడా ఇలా పడిపోవచ్చు. సుడోకు 'మైనస్ యు' జోడించి, సర్వీసు యూజర్ పేరుతోనే నడిపి చూడటం సరైన పరీక్ష.

అప్పటికీ తేలకపోతే ఫైలు దారి మొత్తం చూడాలి. ఫైలును చదివే అనుమతి ఉన్నా, పైనున్న ఫోల్డర్లలో ఒక్కదానికి ప్రవేశం లేకపోతే అందదు. 'నేమ్ఐ మైనస్ ఎల్' కమాండ్ ఆ మెట్లన్నిటినీ వరుసగా చూపిస్తుంది. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్లు 750 అనుమతులతో, అంటే ఇతరులకు ప్రవేశం లేకుండా, వస్తున్నాయి కాబట్టి, అక్కడ పెట్టిన ఫైళ్లు బయటి సర్వీసుకు కనబడవు.

'రన్' ఫోల్డర్ సంగతి వేరు. అది మెమరీలో ఉంటుంది, రీస్టార్ట్‌తో ఖాళీ అవుతుంది. అందులో చేత్తో చేసిన సబ్‌ఫోల్డర్ మళ్లీ ఉండదు. యూనిట్ ఫైలులో 'రన్‌టైమ్ డైరెక్టరీ' అని రాస్తే ప్రతిసారీ సరైన యజమానితో సిస్టమ్‌డియే తయారుచేస్తుంది.

విసిగిపోయి అన్నిటికీ 777, అంటే అందరికీ అన్ని అనుమతులు, ఇచ్చేయడం మాత్రం వద్దు. డేటా ఫోల్డర్‌కు అలా ఇస్తే పోస్ట్‌గ్రెస్ లేవదు. 700 గానీ 750 గానీ ఉండాల్సిందే. ఇక రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఎస్ఈలైనక్స్ అనే మరో కాపలా ఉంది. హోమ్ నుంచి 'ఎమ్‌వీ'తో తరలించిన ఫైలు తన పాత ఎస్ఈలైనక్స్ లేబుల్‌తోనే వస్తుంది. యజమాని, అనుమతులు అన్నీ సరిగ్గా ఉన్నా ఆ లేబుల్ అడ్డుపడుతుంది. అప్పుడు చూడాల్సింది ఆడిట్ లాగ్. లేబుల్‌ను సరిదిద్దేది 'రీస్టోర్‌కాన్' కమాండ్.