విరాట్ తుక్కయింది, కురుసుర నిలిచింది: తేడా ఎక్కడుంది?

హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీపరీక్షలకు చదివేవాళ్లలో చాలామందికి 2017 మార్చి 6 తెలిసిన తేదీయే. విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విరాట్ రిటైరైన రోజది. బిట్‌గా గుర్తుంచుకుంటే ఒక మార్కు వస్తుంది. ఆ తేదీ తర్వాత జరిగింది మాత్రం మార్కులతో తీరేది కాదు. దాని పక్కన పెట్టి చూడాల్సిన ఓడ ఒకటి మన విశాఖపట్నంలో ఉంది.

30 ఏళ్ల సేవ

విరాట్ పుట్టింది బ్రిటన్‌లో. 1944లో నిర్మాణం మొదలై, 1959లో హెర్మిస్ పేరుతో బ్రిటిష్ నౌకాదళంలో చేరింది. 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో వాళ్ల దళాన్ని ముందుండి నడిపింది అదే. భారత్ కొన్నాక 1987 మే 12న విరాట్‌గా మన నౌకాదళంలోకి వచ్చింది. పొడవు దాదాపు 226 మీటర్లు, పూర్తి లోడుతో 28,700 టన్నులు. మన జెండా కింద అది తిరిగిన దూరం 5,88,287 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 10.9 లక్షల కిలోమీటర్లు. భూమిని 27 సార్లు చుట్టినంత! సముద్రం మీద గడిపిన రోజులు 2,250కి పైనే. అంటే ఆరేళ్లకు మించి నీటి మీదే ఉంది.

3 దారులు

యుద్ధనౌక రిటైరయ్యే రోజు సూర్యాస్తమయ వేళ నౌకాదళ పతాకాన్ని చివరిసారి దించుతారు. ఆయుధాలు, రాడార్లు, పనికొచ్చే యంత్రాలు విప్పుకుంటారు. మిగిలిన డొల్లకు మూడే దారులు: మ్యూజియం చేయడం, తుక్కుకు అమ్మడం, సముద్రంలో ముంచేయడం. ఏదీ తేల్చకుండా రేవులో ఉంచినా ఖర్చు తప్పదు. నీరు చొరకుండా చూడాలి, కరెంటివ్వాలి, కాపలా పెట్టాలి. పనిచేసే ఓడకు దక్కాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది.

852 కోట్ల ఆశ, 38.54 కోట్ల ధర

విరాట్‌ను మ్యూజియం చేస్తామని ముందుకొచ్చిన వాటిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటి. ఆ ప్రతిపాదన ఒడ్డుకు చేరలేదు. 2018 నవంబర్‌లో మహారాష్ట్ర మంత్రివర్గం సింధుదుర్గ్ తీరంలో మ్యూజియం కోసం రూ.852 కోట్ల ప్రణాళికకు ఆమోదం తెలిపింది. అదీ ఆగిపోయింది. తన ఖర్చు తానే భరించుకోగల పూర్తిస్థాయి ఆర్థిక ప్రతిపాదన ఏ రాష్ట్రం నుంచీ రాలేదని, అందుకే తుక్కుకు ఇవ్వాలని నిర్ణయించామని 2019 జూలైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2020లో వేలంలో రూ.38.54 కోట్లకు విరాట్ అమ్ముడుపోయింది. మహారాష్ట్ర అనుకున్న మొత్తంలో అది 22వ వంతు.

2020 సెప్టెంబర్ 28న గుజరాత్‌లోని అలంగ్‌లో విరాట్‌ను ఒడ్డుకెక్కించారు. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. పోటు మీద ఓడను తీరం వైపు తెస్తే, నీళ్లు తీశాక అది బురదలో కూర్చుండిపోతుంది. ఆపైన పని గ్యాస్ కట్టర్లది. ఉక్కు పలకలను పెద్ద పెద్ద ముక్కలుగా కోసి దించుతారు, వాటిని మళ్లీ చిన్నవి చేసి లారీలకెక్కిస్తారు. ఓడను కాపాడాలంటూ వేసిన పిటిషన్‌పై 2021 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఈ పనికి స్టే ఇచ్చింది. కానీ అప్పటికే దాదాపు 40 శాతం కోసేశారు. ఏప్రిల్‌లో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. విరాట్ కథ అక్కడితో ముగిసింది.

ఏడాదిన్నరలో కురుసుర

ఇప్పుడు విశాఖ ఆర్‌కే బీచ్‌కు వద్దాం. ఐఎన్‌ఎస్ కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారైన జలాంతర్గామి. 1969 డిసెంబర్ 18న మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లలో 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. మ్యూజియం చేద్దామన్న ఆలోచన వైస్ అడ్మిరల్ వినోద్ పస్రిచాది. 1987లో విరాట్‌కు తొలి భారతీయ కెప్టెన్ కూడా ఆయనే. సుమారు రూ.5.5 కోట్ల ఖర్చుతో కురుసురను ఇసుక మీదికి లాగి, కాంక్రీటు పునాది మీద నిలబెట్టారు. 2002 ఆగస్టు 9న ప్రారంభోత్సవం జరిగింది. రిటైరయ్యాక పట్టిన కాలం ఏడాదిన్నర లోపే. విరాట్ మూడున్నరేళ్లు ఎదురుచూసి చివరికి అలంగ్ చేరింది.

కురుసుర పొడవు 91 మీటర్లు. లోపలికి వెళ్తే అంతా ఇరుకు దారి. ఒక గది నుంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి ద్వారంలో ముందు కాలు పెట్టి, తల వంచి దూరాలి. టార్పెడోల పక్కనే నావికుల పడకలు. దాదాపు 75 మంది ఇందులోనే వండుకుని, తిని, పడుకుని కాపలా కాశారు. ఆ జీవితం ఎలా ఉంటుందో నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే గైడ్లుగా దగ్గరుండి చెబుతారు.

లెక్క ముందే తేలాలి

కురుసుర చిన్నది కాబట్టి నిలిచిందన్నది సగం నిజమే. మ్యూజియం అయితే చాలన్నదీ నిజం కాదు. 1997లో రిటైరైన విమానవాహక నౌక తొలి విక్రాంత్ ముంబైలో మ్యూజియంగా ఉండి, 2012లో భద్రతా కారణాలతో మూతపడి, 2014లో తుక్కుకు పోయింది. ఉప్పుగాలి ఉక్కును తినడం మానదు. రంగులు, మరమ్మతులు ఏటేటా చేస్తూనే ఉండాలి. చోటు, డబ్బు, బాధ్యత తీసుకునే సంస్థ అన్న మూడూ కుదిరినచోటే ఓడ బతుకుతుంది. విశాఖలో నౌకాదళం ఓడనిచ్చింది, నగరాభివృద్ధి సంస్థ నిర్వహణ నెత్తికెత్తుకుంది, సందర్శకుల టికెట్లు తోడయ్యాయి.

రేపు రిటైరయ్యే పెద్ద నౌకలకూ ఈ మూడు లెక్కలు జెండా దించక ముందే తేలాలి. రాష్ట్రాలు ప్రకటనలతో సరిపెట్టకుండా బడ్జెట్‌లో పద్దు చూపించాలి. ఈసారి విశాఖ వెళ్లినప్పుడు మీరూ కురుసుర టికెట్ కొనండి, పిల్లల్ని లోపలికి తీసుకెళ్లండి. ఆ ఓడను నిలబెట్టేవాళ్లలో మీరూ ఒకరవుతారు.