పాఠశాలయు కర్మశాలయు

పదియవ తరగతి ఫలితములు వెలువడిన మరునాడు బెజవాడ బెంజిసర్కిలు ప్రాంతమున తిరుగువారికి ఒక దృశ్యము కానవచ్చును. దివిసీమ నుండియు, గుడివాడ నుండియు, కైకలూరు నుండియు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తలిదండ్రులు ఇంటర్మీడియేటు కళాశాలల గుమ్మములయందు వేచియుందురు. ఏటి జీతమెంత, హాస్టలు ఖర్చెంత, నిరుడు వచ్చిన ర్యాంకులెన్ని యని విచారింతురు. ఈ చదువు ముగిసిన పిమ్మట పిల్లవానికి పని నిచ్చువా రెవ్వరని యడుగువారు మిక్కిలి యరుదు.

అచ్చటికి కొలది దూరముననే, 1960లలో వెలసిన ఆటోనగరులో వేరొక విద్య సాగుచున్నది. లారీ క్రింద వెల్లకిల పరుండి మేస్త్రికి పానాలందించుచు కుఱ్ఱవాడు గేరుబాక్సు విప్పుట నేర్చును. లేతుమీద ఇనుము తరుగుట, చాసిస్ మీద బాడీ కట్టుట, ఇంజను చప్పుడు చెవితో విని లోపము పట్టుట, ఇవన్నియు పుస్తకము లేకయే వానికి పట్టువడుచున్నవి. అయినను పదియేండ్లు పనిచేసినను వాని నేర్పునకు కాగితము లేదు. కాగితము గలవానికి పానా పట్టుట తెలియదు. ఈ యిద్దఱును ఒకే యూరివారు, ఒక్కొక్కప్పుడు ఒకే యింటివారు.

ఈ చింత మనకు క్రొత్తది కాదు. 1907లో విపినచంద్ర పాలుగారు ఈ సీమయందు చేసిన యుపన్యాసముల ఫలముగా 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారలు దానికి మూలస్తంభములు. అక్షరజ్ఞానముతోపాటు చేతిపని నేర్పవలెనని వారి సంకల్పము. వడ్రంగము, నేత, యంత్రపుపని, చిత్రలేఖనము అచ్చట బోధింపబడినవి. వంగదేశమునుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయులవారు వచ్చి చిత్రకళ నేర్పగా అడివి బాపిరాజుగారివంటి శిష్యులు తయారైరి. ఆ కళాశాల తెలుగుజాతికి దేశభక్తులను, చిత్రకారులను ఇచ్చినది. పనివారిని మాత్రము ఆశించినంతగా ఈయలేకపోయినదని మా యభిప్రాయము. దోషము బోధనలో లేదు. నేర్చి వెలుపలికి వచ్చిన కుఱ్ఱవానికొఱకు ఎదురుచూచు యజమాని ఆనాటి డెల్టాలో లేడు. సర్కారు కొలువునకు సర్కారు పట్టము కావలెను. పొలమునకు కూలీ చాలును. హనుమంతరావుగారు 1922లో గతించిరి. వా రొక్కరే ఎంతకాలము మోయగలరు?

అదే బందరున 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ స్థాపింపబడి శాస్త్రపరికరములు చేయసాగినది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో లీనమైనది. నేడచ్చట చీకటిలో చూపునిచ్చు పరికరములు తయారగుచున్నవి. కళాశాల పుట్టిన పదునాఱేండ్లకు అదే పట్టణమున సూక్ష్మమైన చేతిపని కోరు యజమాని పుట్టెనన్నమాట. ఆ రెంటిని మొదటినాడే జోడించియుండినచో కృష్ణాజిల్లా చరిత్ర ఎట్లుండెడిదో!

1937లో వార్ధాయందు మహాత్ముని ప్రేరణచే రూపొందిన విద్యాపథకమును చేతిపనినే నమ్ముకొన్నది. అందును రాట్నము బడిలోపలనే తిరిగినది. స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1961లో అప్రెంటిసుల చట్టము వెలువడినది. ముప్పదిమంది, అంతకు మించి పనిచేయు సంస్థలు తమ సిబ్బందిలో నూటికి 2.5 మొదలు 15 వరకు అప్రెంటిసులను తీసికొనవలెనని 2019 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. మంచిదే. కాని ఆటోనగరు షెడ్డులలో ఎన్నింట ముప్పదిమంది యుందురు? నలుగురైదుగురితో సాగు షెడ్డునకు ఆ నిర్బంధము లేదు, యజమాని యిచ్ఛయే ప్రమాణము. మన డెల్టాలో పని నేర్పు చోటులలో అధికభాగ మిట్టివే.

మన రాష్ట్రమున 2020-21 విద్యాసంవత్సరమునుండి డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్ విధించిరి. ఉద్దేశము శ్లాఘ్యము. అయితే ఆ యాజ్ఞ విద్యార్థిని కట్టివేసినది, కళాశాలను కట్టివేసినది. యజమానిని మాత్రము కట్టలేదు. అవనిగడ్డవంటి చిన్న యూరిలో డిగ్రీ చదువు బాలుడు ఎవరి గుమ్మము త్రొక్కవలెను? చేర్చుకొనువారు లేనిచోట పని పోయి ధ్రువపత్రమే మిగులును.

ఇందుకు ప్రతిగా గన్నవరము చేరువ కేసరపల్లిలో నెలకొన్న హెచ్.సి.ఎల్. సంస్థ చేపట్టిన టెక్‌బీ పద్ధతిని చూడుడు. ఇంటర్మీడియేటు ముగించిన పిల్లలను సంస్థయే యెన్నుకొని, పని నేర్పి, కొలువులో నుంచి, ఆవల డిగ్రీ చదువుటకు వీలు కల్పించుచున్నది. గణితము రాని పిల్లవానికి అందలి కొన్ని కొలువులు అందవు, అది నిజము. అయినను అచ్చట మొదటి యడుగు వేసినది యజమాని యని గమనింపవలెను. జర్మనీదేశమున 1969 నాటి చట్టముక్రింద జరుగుచున్నదియు నిదియే. యువకుడు యజమానితో ఒడంబడిక వ్రాసికొని, వారమున ఒకటి రెండు దినములు బడికిని తక్కిన దినములు కర్మశాలకును పోవును. తుది పరీక్ష జరుపునది వర్తక సంఘము.

మన కట్టి సంఘములు లేవా? రైసుమిల్లర్ల సంఘము కలదు, లారీ యజమానుల సంఘము కలదు. ధరలు పడినప్పుడును పన్నులు పెరిగినప్పుడును అవి యేకమై నిలుచుట యెఱుగుదుము. పనివాని పరీక్ష మాట వాని సమావేశములలో వినబడినట్లు మే మెఱుగము.

2025 మార్చిలో మల్లవల్లియందు అశోక్ లేలాండు వారి బస్సుల కర్మాగారము ప్రారంభమైనది. బస్సులకు బాడీ కట్టుటయందు ఆటోనగరునకు తరముల యనుభవ మున్నది. ఈ రెంటికి నడుమనున్న బాపులపాడు, గన్నవరము మండలముల ఉన్నత పాఠశాలలనుండి ఎందఱు బాలురు, ఎందఱు బాలికలు ఆ కర్మాగారము లోపల చూచి వచ్చిరి? 2024లో ప్రభుత్వము నైపుణ్య గణనకు పూనుకొని మంగళగిరిలో తొలుత నడిపినది. ఎవరికి ఏ పని వచ్చునో వ్రాసికొనుట యవసరమే. ఎవరికి ఏ పనివాడు కావలెనో ఊరూరను వ్రాసికొనుట అంతకంటె నవసరము.

భూస్వాములు ఇది పట్టణపు గొడవ యని యెంచరాదు. కోతలనాడు నడిమడిలో యంత్ర మాగినచో మెకానిక్కు కొఱకు రెండు దినములు వేచియుండునది మీరే. కైకలూరు ప్రాంతమున రొయ్యల చెరువులో రాత్రి రెండుగంటలకు ఏరియేటరు నిలిచినచో తెల్లవారుసరికి మేలైన సరకంతయు తేలిపోవును. మోటారు కట్టు నేర్పుగలవాడు ఊరనే యుండెనా, వాని జీతము ఒక్కరాత్రిలో గిట్టిపోవును. ఆ నేర్పరి మీ యూరి బడిలో నేడు తొమ్మిదవ తరగతి చదువుచుండవచ్చును.

పదునాలుగేండ్లు నిండని బాలుని పనిలో పెట్టుట 2016 నాటి సవరణచే పూర్తిగా నిషిద్ధము. అపాయకరమైన పనులలో పదునెనిమిది నిండనివారు కూడదు. ఇది న్యాయము. కావున తొమ్మిది, పది తరగతులవారు పని చూచి రావలెనే గాని పనిలో దిగరాదు. ఇంటర్మీడియేటు వృత్తివిద్యవారికి మిల్లులలో, వర్క్‌షాపులలో చట్టబద్ధముగా వేతనముతో చోటు చూపవలెను. మేస్త్రి నేర్పును పరీక్షించి వానికిని పత్ర మీయవలెను; పూర్వము నేర్చిన పనికి గుర్తింపు నిచ్చు పద్ధతి కేంద్రప్రభుత్వ పథకములలో నున్నదే. బడిలో భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు వారమున కొకనాడు ఆ మేస్త్రి షెడ్డులో కూర్చుండిన నామోషీ లేదు.

ఇందుకు అమరావతినుండి ఉత్తరువు రావలెనని వేచియుండ నక్కఱలేదు. రానున్న జూనులో బడులు తెరచునాటికి గుడివాడ పట్టణముననైనను పదిమంది మిల్లు యజమానులు తమకు కావలసిన పనివారి లెక్క వ్రాసి ప్రధానోపాధ్యాయుని బల్లమీద నుంచినచో, ఏ తరగతినుండి ఎందఱిని ఎచ్చటికి పంపవలెనో తేల్చుట ఒక మధ్యాహ్నపు పని.