రెండు తాళపుచెవులు

కోయిలకుంట్ల పేరు వినగానే చదువరికి 1846వ సంవత్సరము స్ఫురించుట సహజము. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనుచరులతో ఇక్కడి ఖజానాపై పడిన సంవత్సరమది. అప్పటికీ తాలూకా కడప జిల్లాలోనిది. 1858లో కర్నూలునకు మారినది. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీసినదియు ఈ ఊరనే. ఆయుధము పట్టి వచ్చినవానిని తాళము ఆపజాలదని ఆనాడే తేలినది.

మరి ప్రభుత్వ ఖజానాలకు రెండు తాళములు వేసి, ఒక చెవి అధికారి వద్దను, రెండవది షరాబు వద్దను ఉంచు పద్ధతి ఎవరిని ఆపుటకు? దండెత్తి వచ్చువానిని గాదు, లోపల జీతము పుచ్చుకొని పనిచేయువానిని. అతడు దొంగయే కానక్కరలేదు, తొందరపాటువాడైనను చాలును.

ఈ రెండు తాళముల న్యాయమే మెయిన్‌ఫ్రేమ్ అను మహాయంత్రములలోను కనబడును. 1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. సంస్థ సిస్టమ్/360ను ప్రకటించినది. ఆ వంశపు యంత్రములే నేటికిని పెద్ద బ్యాంకుల లెక్కలు మోయుచున్నవి. హైదరాబాదు అమీర్‌పేటలో ఈ విద్య నేర్చి పొట్టపోసికొనుచున్న తెలుగువారును కలరు.

ఇట్టి యంత్రము ఇతర యంత్రములతో మాటలాడవలెనన్న దాని చిరునామాలు, పోవలసిన దారులు ఒక ఫైలులో వ్రాసి యుండవలెను. పని సాగుచుండగనే వానిని మార్చుటకు ‘ఒబేఫైల్’ అను ఆజ్ఞ కలదు. ‘ఈ ఫైలు చెప్పినట్లు నడువుము’ అని దాని భావము. చిత్రమేమనగా, ఏమి మార్చవలెనో ఆ ఆజ్ఞలో ఉండదు, ఫైలు పేరు మాత్రమే యుండును. పేరు వినగానే యంత్రము లొంగదు. ఈ ఆజ్ఞ యిచ్చు అధికారము ఇతనికి కలదా? నెట్‌వర్కును నడుపు ప్రోగ్రామునకు ఆ ఫైలు చదువు అనుమతి కలదా? 1976లో వచ్చిన రాక్‌ఎఫ్ అను కావలి ప్రోగ్రాము ఈ రెంటిని విచారించును. ఒకటి లోపించినను పని జరుగదు.

అయినను అసలు అపాయము మూడవ చోట నున్నది. ఆ ఫైలులో వ్రాయు హక్కు ఎవరిది? ఆజ్ఞాపింప అధికారము లేని చిన్న ఉద్యోగి ఫైలును దిద్దగలిగినచో, రేపు అధికారి నోట వెలువడునది ఆ ఉద్యోగి మాటయే. సంతకము తహసీలుదారుది, వ్రాత గుమాస్తాది! ఆజ్ఞను కట్టుదిట్టము చేసి ఫైలును బట్టబయలు వదలుట, తలుపునకు తాళము వేసి దొడ్డిదారి తెరచి యుంచుట వంటిది.

హక్కు గలవానికిని ముప్పు తప్పదు. ఒక్క క్రొత్త దారి చేర్చుటకై కొందరు ఆ ఒక్క పంక్తియే వ్రాసి ఆజ్ఞ యిత్తురు. స్థిరమార్గముల పట్టికకు చేర్పు అనునది లేదు. క్రొత్తది చదువగనే చేతితో వ్రాసిన పాత దారులన్నియు తొలగును. అడంగలులో ఒక పేరు చేర్చబోయి గ్రామమునంతటిని తుడిచిన కరణము వంటివాడతడు. కావున పాత పట్టికనంతటిని ఎత్తి వ్రాసి, దాని చివర క్రొత్తది చేర్చవలెను.

ఇట్లు చేసిన మార్పును తాత్కాలికమే. నెట్‌వర్కు ప్రోగ్రామును ఆపి మరల ప్రారంభించినపుడు అది మూల ఫైలునే చదువును. దానిలో వ్రాయ మరచినవాని దిద్దుబాటు, ఎన్ని నెలలు పనిచేసినను, ఆ పూటతో సరి.