పుట్టినరోజుకి ఎంత చదివించాలి?

“అమ్మా, శనివారం మా క్లాసమ్మాయి బర్త్‌డే!” అని భుజానున్న బ్యాగు దించకుండానే పిల్ల చెబితే మనకి ముందుగా తట్టేదేమిటి? ఆ పాప నూరేళ్లు చల్లగా ఉండాలనా? కాదు. “ఎంతలో పట్టుకెళ్లాలి?” అని. చెప్పుకోవడానికి మొహమాటమెందుకు! ఆ వెంటనే రెండో ప్రశ్న, మన పిల్ల పుట్టినరోజుకి వాళ్లేం తెచ్చారు? అది గుర్తుకి రాకపోతే ఫోను తీసి తెలిసినావిడకి “వదినగారూ, మీరెంతలో కొంటున్నారు?” అని మెసేజ్ పెడతాం. ఆవిడ ఇంకొకావిడని అడుగుతుంది. సాయంత్రానికల్లా ఓ ధర తేలుతుంది. అది ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు గానీ, అందరూ దానికి కట్టుబడాల్సిందే.

మా ముదినేపల్లిలో ఈ మధ్య ఆ ధర మూడొందలు పలుకుతోంది.

2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు మా మండలాన్ని కృష్ణా నుంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు. కాగితం మీద మారాం గానీ మా చదువులు, బజారు పనులు ఇప్పటికీ గుడివాడతోనే. మా వైపు పిల్లలు చాలామంది పొద్దున్నే స్కూలు బస్సెక్కి అక్కడికే వెళతారు. మా అమ్మాయి క్లాసులో ముప్పైమంది. చేపల చెరువుల వాళ్ల పిల్లలు, టీచర్ల పిల్లలు, కౌలు రైతుల పిల్లలు, బస్సు కండక్టరు గారబ్బాయి, జాకెట్లు కుట్టే ఆవిడ కూతురు, అందరూ ఒకే బెంచీల మీద కూర్చుంటారు. అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా పుట్టినరోజులతోనే.

పోయినేడాది మా అమ్మాయికి పదమూడు పిలుపులొచ్చాయి. మూడొందల చొప్పున ఎంతయిందో చూడండి... మూడు వేల తొమ్మిది వందలు! ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇంచుమించు ఎనిమిది వేలు. 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ కింద పిల్లకి పదమూడు వేల రూపాయల చొప్పున తల్లుల ఖాతాల్లో పడ్డాయి కదా, పిల్లల చదువుకని. అందులో దాదాపు మూడో వంతు ఊళ్లోవాళ్ల పిల్లల పుట్టినరోజులకి పోతోందన్నమాట. రంగు కాగితం, రిబ్బను, అక్కడికి వెళ్లొచ్చే ఆటో వేరు. మనం చేసినప్పుడు కేకూ, రిటర్న్ గిఫ్టులూ మళ్లీ వేరు.

ఉన్నవాళ్లకి ఇదో లెక్కా అంటారేమో. లేనివాళ్ల సంగతి చెబుతాను వినండి.

ఇందాక చెప్పిన జాకెట్లావిడ మా వీధిలోనే ఉంటుంది. మామూలు జాకెట్టుకి నూట యాభై తీసుకుంటుంది. రెండు కుడితే మూడొందలు. అందులోంచి దారం, హుక్సులు, కరెంటు పోవాలి. అంటే ఒక గిఫ్టుకి రెండు జాకెట్లు సరిపోవు, మూడో దాని మీద కూడా చెయ్యి పడుతుంది. వాళ్లమ్మాయి మూడో తరగతి. పార్టీ ఉన్న ప్రతి శనివారం ఆ పిల్లకి కడుపునొప్పి వస్తుంది! వాము నీళ్లు పట్టింది, ఆరెంపీ దగ్గరికి తీసుకెళ్లింది. “మూడోసారికి అర్థమయిందక్కా, నొప్పి కడుపులో లేదని. నేను దానికి ఒక్కనాడూ డబ్బుల్లేవని చెప్పలేదు. అదే లెక్కేసుకుంది” అంది, సూదిలో దారం ఎక్కిస్తూ. ఎనిమిదేళ్ల పిల్ల! దానికి రెండో ఎక్కం ఎవరు నేర్పారో తెలుసుగానీ, ఈ లెక్క ఎవరు నేర్పారు చెప్పండి?

మా చిన్నప్పుడు ఈ బాధ లేదు. పుట్టినరోజు నాడు యూనిఫారం బదులు రంగు బట్టలేసుకుని, ఓ పొట్లం నిండా న్యూట్రిన్ చాక్లెట్లు పట్టుకెళ్లేవాళ్లం. పిల్లలకి ఒక్కోటి, టీచరు గారికి రెండు. ఇచ్చేది పుట్టినరోజు పిల్లే, పుచ్చుకునేది క్లాసు. మా అమ్మ తరంలో అదీ లేదు. తిథి చూసుకుని తలంటు పోయడం, పాయసం, పెద్దవాళ్లు అక్షింతలు వేయడం... అక్కడితో సరి. ‘చదివింపు’ అన్నమాట పెళ్లికే.

అసలు చదివింపుల సంగతి కొంచెం ఆలోచించండి. పెళ్లిలో ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చుని ‘ఫలానా వారు నూట పదహార్లు, ఫలానా వారు వెయ్యి నూట పదహార్లు’ అని రాసుకునేవాడు. ఆ పుస్తకం బీరువాలో భద్రంగా ఉండేది. వాళ్లింట్లో శుభకార్యం వస్తే అది తీసి చూసి, అంతకి పైన కాస్త వేసి చదివించేవాళ్లు. కొందరు దీన్ని వెక్కిరిస్తారు గానీ నేను వెక్కిరించను. పెళ్లంటే ఒక్కసారిగా మీద పడే ఖర్చు. నలుగురూ తలో చెయ్యీ వేస్తే ఆ ఇల్లు గట్టెక్కేది. వడ్డీ లేని అప్పులాంటిదే. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో తీరేది, ఎందుకంటే ఆ రెండిళ్లూ అదే ఊళ్లో ఉండేవి కనక.

మరి పుట్టినరోజు పార్టీ అటువంటిదా? కేకు కోసిన ఇల్లేమీ అప్పులో లేదు. వచ్చే ఏడు సెక్షన్లు మారిపోతాయి, ఆ పై ఏడు స్కూలే మారొచ్చు. ఎవరు ఎవరికి బాకీ తీర్చాలి? పుస్తకం మాత్రం మన బుర్రల్లో అలాగే తెరిచి పెట్టుకున్నాం. పైగా చదివింపులో ఎవరి తాహతుకి తగ్గట్టు వాళ్లు పెట్టే వీలుండేది. నూట పదహార్లు ఇచ్చినాయన, వెయ్యి నూట పదహార్లు ఇచ్చినాయన ఒకే బంతిలో భోంచేసేవారు. ఇక్కడ పిల్లలే అందరి ముందూ పొట్లాలు విప్పి చూస్తున్నారు. పెద్దవాళ్లు పాటించిన మర్యాద వాళ్లకెలా తెలుస్తుంది?

ఇంతకీ పుచ్చుకునేవాళ్లయినా సుఖపడుతున్నారా? మా క్లాసులో అందరికంటే ఘనంగా పుట్టినరోజు చేసేది చేపల చెరువుల వాళ్లు. శీలావతి, బొచ్చె చెరువులు చాలానే ఉన్నాయి. ఉండబట్టలేక ఆవిణ్ణే అడిగేశాను, “ఇన్ని వస్తాయి కదా, ఏం చేస్తారండీ?” అని. ఆవిడ నవ్వి నన్ను గదిలోకి తీసుకెళ్లి అటక చూపించింది. కంపాస్ బాక్సులు ఏడు, నీళ్ల సీసాలు తొమ్మిది, సగం విప్పని బొమ్మ కార్లు. “వీటిలో సగం మళ్లీ వేరేవాళ్ల పుట్టినరోజులకి వెళతాయండీ. మొన్నోసారి కాగితం విప్పితే లోపల పాత చీటీ... అందులో మా అబ్బాయి పేరే ఉంది! ఊరంతా తిరిగి మా ఇంటికే వచ్చింది” అంది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. తర్వాత ఆవిడే అంది, “తగ్గించుకుందామని నాకూ ఉంది. నేనంటే పిసినారితనం అనుకుంటారేమోనని ఊరుకుంటున్నా.”

సరిగ్గా ఇక్కడే ఉంది కిటుకు. జాకెట్లావిడ ఈ మాట అనలేదు. అంటే లేక అంటోందనుకుంటారు. చెరువులావిడ అంటే ఎవరూ అలా అనుకోరు. ఈ మాట ఉన్నవాళ్ల నోటినుంచి రావాలి, అదీ పార్టీకి పిలిచేవాళ్ల నోటినుంచే రావాలి. వచ్చేవాళ్లు తమంతట తాము తగ్గించలేరు.

ఎలా చెప్పాలన్నది ఇంకో సంగతి. ‘బహుమతులు తేవద్దు’ అంటే పని జరగదు. పెళ్లి కార్డుల మీద చూస్తూనే ఉన్నాం, ‘కానుకలు స్వీకరించబడవు’ అని అచ్చేసినా చేతిలో కవరు లేకుండా వెళ్లేదెందరు? ఆ మాట నమ్మి ఉత్త చేతుల్తో వచ్చినవాళ్లే చివరికి మొహం దాచుకోవాలి. పిల్లలకి కూడా ఏదో ఒకటి చేతిలో పట్టుకెళ్లి స్నేహితురాలికి ఇవ్వడం సరదా. దాన్ని పాడుచేయడం ఎందుకు? అందుకే ‘వద్దు’ కంటే అంకె మంచిది. ‘వంద రూపాయల లోపు’ అంటే అందరికీ తెలిసిపోతుంది. తెచ్చేవాళ్లకి చిన్నతనమూ లేదు, పోటీ పడేవాళ్లకి చోటూ లేదు.

కెనడాలో ఉన్న మా ఆడపడుచు అక్కడి పద్ధతి ఒకటి చెప్పింది. అక్కడ రెండు డాలర్ల నాణెం ఉంది, 1996లో వచ్చింది, ‘టూనీ’ అంటారు. కొందరు ‘టూనీ పార్టీ’ అని పిలుస్తారట. వచ్చే పిల్లలు తలో రెండు టూనీలు తెస్తారు. ఒకటి పుట్టినరోజు పిల్లకి, అవన్నీ కలిపి తనకి కావలసిందేదో ఒక్కటి కొనుక్కుంటుంది. రెండోది ఏదైనా మంచి పనికి. ఆలోచన బాగుంది గానీ పిల్లల చేత డబ్బు ఇప్పించడం నాకు అంత నచ్చలేదు. మనకసలే కవర్ల అలవాటు ఎక్కువ!

వందలో ఏమొస్తుందని మాత్రం అనకండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల తెలుగు బొమ్మల పుస్తకాలు చవకే. సంక్రాంతి ముందు విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లేవాళ్లుంటే ఒకేసారి అరడజను తెచ్చిపెట్టుకోవచ్చు. రంగు పెన్సిళ్లు, డ్రాయింగు పుస్తకం, జామ మొక్క... బొమ్మే కొనాలనుకుంటే పెట్టె మీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి అది తప్పనిసరి. మన పెడన కలంకారీ గుడ్డతో పెన్సిళ్ల సంచీ కుడితే ఎంత ముచ్చటగా ఉంటుంది! ఆ మాటే జాకెట్లావిడతో అంటే, “ఇంట్లో కుట్టింది ఇస్తే ఏమనుకుంటారోనక్కా” అంది. ఒకటి కుట్టి చూపించింది మాత్రం. లోపల లైనింగు కూడా వేసింది. నాకైతే దుకాణంలో మూడొందలకి అమ్మే ప్లాస్టిక్ డబ్బా దాని ముందు దిగదుడుపే అనిపించింది.

ప్రాణస్నేహితురాలికి ఇంకాస్త ఇచ్చుకోవాలంటారా, ఇంటికి పిలిచి ఇచ్చుకోండి. మేనత్తలు, అమ్మమ్మలు ఇచ్చేవి ఎటూ వేరే. వాటి జోలికి నేను వెళ్లను.

పోయిన నెల చెరువులావిడే ధైర్యం చేసి మా క్లాసు తల్లుల గ్రూపులో పెట్టింది. “మావాడి పుట్టినరోజుకి అందరూ తప్పక రావాలి. బహుమతి వంద రూపాయల లోపే. ఎక్కువది తెస్తే తిప్పి పంపేస్తాను, కోప్పడకండి.” గంటలో ఇరవై రెండు మంది సరేనన్నారు. జాకెట్లావిడ ఏమీ రాయలేదు గానీ, ఆ శనివారం వాళ్ల పాపకి కడుపునొప్పి రాలేదు. ఒకావిడ మాత్రం రాత్రి పదింటికి జవాబిచ్చింది: “మరి కేకు ఎన్ని కేజీల లోపు ఉండాలో కూడా చెబితే బాగుండేది.”

ఆ చర్చ ఇంకా నడుస్తోంది.