అతుకుల పిడి అంత అలుసా?

చేత్తో చేసిన కత్తి కొనేవాళ్లు ముందు పదును చూస్తారు, తర్వాత పిడి తిప్పి చూస్తారు. అది పలుచని చెక్క పొరలు అతికించి చేసిందని తెలియగానే కొందరు మొహం చిట్లిస్తారు. చేసేవాళ్లలోనూ కొన్ని మొండి నమ్మకాలున్నాయి.

అపోహ: ఒకే ముక్కతో చేసిన పిడే గట్టిది.

చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. నార వెంట ఈ కదలిక దాదాపు లేనట్టే, అంతా నారకు అడ్డంగానే. వానాకాలంలో తలుపు బిగుసుకుపోయేది ఇందుకే. ఉక్కు అలా కదలదు. అందుకే ఎంత చేవ ఉన్న చెక్కయినా కొన్నాళ్లకు ఉక్కు అంచు వేలికి తగలవచ్చు, రివిట్ దగ్గర పగులూ రావచ్చు. ఒక పొర నిలువుగా, దాని పక్కది అడ్డంగా అతికిస్తే ఒకదాన్నొకటి పట్టి ఆపుతాయి. ప్లైవుడ్ కిటుకు అదే. అన్నిటినీ ఒకే దిశలో పేరిస్తే మాత్రం రంగుల అందమే గాని ఈ లాభం రాదు. ఇక అతుకు దగ్గర విరుగుతుందన్న భయం: సరిగ్గా పడిన అతుకును విరగ్గొడితే ఊడేది జిగురు కాదు, పక్కనున్న చెక్క.

అపోహ: ఎంత బిగిస్తే అంత బాగా అతుకుతుంది.

వడ్రంగులు వాడే తెల్ల బంకకు ఒత్తిడి కావాలి. ఎపాక్సీ జిగురు మాత్రం పొరల మధ్య కాస్త మిగలాలి. పళ్లు బిగబట్టి క్లాంపు తిప్పితే జిగురంతా పక్కలకు కారిపోయి లోపల అతుకు బోలు పడుతుంది. అంచు పొడవునా సన్నటి చుక్కలు తేలితే చాలు, అక్కడ ఆపేయాలి.

అపోహ: హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ పిడులను పాడుచేసేది ఇదేనని నా నమ్మకం. ఎపాక్సీలోని రెండు భాగాలు, రెసిన్, హార్డెనర్, లెక్కగా కలిస్తేనే గట్టి పదార్థం అవుతుంది. మిగిలిపోయిన హార్డెనర్ అలాగే ఉండి అతుకును బలహీనం చేస్తుంది. డబ్బా మీది కొలత బరువుకా, పరిమాణానికా అన్నది కూడా చూడాలి, రెండూ ఒకటి కావు.

అపోహ: చెక్క నున్నగా ఉంటేనే జిగురు పడుతుంది.

80 నంబరు ఉప్పుకాగితంతో గరుకు చేస్తేనే పట్టు. టేకు, జిట్రేగి వంటివాటిలో నూనె గుణం ఎక్కువ. అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. తుడిచి రేపు అతికిద్దామంటే నూనె మళ్లీ పైకొస్తుంది.

అపోహ: జిగురు మంచిదైతే రివిట్లు సోకుకే.

గది వేడిమిలో గట్టిపడే మామూలు ఎపాక్సీ 60 డిగ్రీల అటూ ఇటూగా మెత్తబడడం మొదలెడుతుంది. మరిగే నీళ్లలో ముంచినా, డిష్‌వాషర్‌లో పెట్టినా పిడిని జారిపోకుండా పట్టేది ఆ ఇత్తడి రివిట్లే. జిగురు ఊసే లేని పొరల పిడులూ ఉన్నాయి. ఫిన్లాండ్‌లో బర్చ్ చెట్టు బెరడు ముక్కలను పిడిలోకి వెళ్లే కత్తి తోకకు గుచ్చి, గట్టిగా నొక్కి, తోక కొసను సుత్తితో సాగగొట్టి బిగించేస్తారు.

అపోహ: చెక్క పొడే కదా, ఏమవుతుంది!

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చెక్క పొడిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. జిట్రేగి జాతి చెక్కల పొడికి కొందరి ఒళ్లు దద్దుర్లు తేలుతుంది. పొరల పిడిని అరగదీస్తే ఎపాక్సీ పొడి కూడా తోడవుతుంది. మూతికి తువ్వాలు కట్టుకోవడం చాలదు, సన్నటి పొడిని ఆపే మాస్క్ పెట్టుకోవాలి.